పదిహేడో వరుసలోని సున్న

గౌరవనీయులైన రాష్ట్ర ఆర్థిక దుస్థితి కారణాల విచారణ సంఘం సభ్య కార్యదర్శిగారి సముఖానికి,

ప్రభుత్వ ముద్రణాలయంలో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్ది, హెడ్ రీడరుగా పన్నెండేళ్ల కిందట పదవీ విరమణ చేసిన ముసలివాడు రాసుకొన్న అర్జీ.

సూచిక: ముప్పై ఒక్క ఏళ్ల కిందట మా ముద్రణాలయం రీడింగు రూములో, మా బల్లకు చేతులు ఆనించి నిలబడి, ఆర్థిక శాఖ అధికారి ఒకరు నోటితో చేసిన వాగ్దానం. దానికి నంబరు లేదు, నకలు లేదు.

విషయం: రాష్ట్ర ఖజానా ఖాళీ కావడానికి బాధ్యులెవరో తెలిసినవారు తెలియజేయవలసిందని తమరు వేసిన ప్రకటనకు జవాబు, మా మేనకోడలి చేత తప్పు ఒప్పుకోలు కాగితం మీద ఈ నెల పదిహేనో తేదీలోగా సంతకం పెట్టించుకొనే పని మానుకోవలసిందని మనవి.

అయ్యా,

1. ఆ వాగ్దానం ఇది. "ఇకమీదట బడ్జెట్టు పుస్తకంలో ఒక్క అంకె మార్చాలన్నా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపుతాం. ఫోనులో చెప్పం. మాట ఇస్తున్నా." ఆ మాట సరిగ్గా ఒక్క బడ్జెట్టు బతికింది. మరుసటి ఏడాది అదే అధికారి ఫోను చేసి, "రీడరుగారూ, నూట నలభయ్యో పేజీలో చిన్న మార్పు. కాగితం వెనకాల పంపుతా" అన్నారు. ముప్పై ఏళ్లయింది. ఆ కాగితం ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

2. తమ ప్రకటనను నేను పింఛను ఆఫీసు గోడ మీద చదివాను. క్యూలో నా ముందు పదహారు మంది ఉన్నారు. మూడు నెలల పింఛను ఏమైందని అడగడానికి వచ్చినవాళ్లే అందరూ, కాబట్టి చదవడానికి తీరిక దొరికింది. "రాష్ట్ర ఆర్థిక దుస్తితికి భాధ్యులెవరో తెలిసినచో" అని ఉంది. దుస్థితిలో థ ఉండాలి. బాధ్యుల్లో మొదటి బాకు ఒత్తు ఉండదు. బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలియనివాళ్లే అక్కడ ఒత్తు పెడతారు. నా వెనక నిలబడ్డ పాత లెక్కల మాస్టారికి చూపిస్తే ఆయన, "ఊరుకోండి సార్, అర్థమైందిగా, చాలదూ?" అన్నాడు. ఈ రాష్ట్రం చెడడం ఆ మాటతోనే మొదలైందని నా అభిప్రాయం. అయినా మాస్టారి మీద నాకు పగ లేదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి.

3. నేను చదువుకొన్నవాణ్ణి కాను, చదివినవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్లు జీతం తీసుకొని చదివాను: చట్టాలు, బడిపుస్తకాలు, టెండర్లు, పశువుల రోగాల కరపత్రాలు, మంత్రుల ఉపన్యాసాలు. ఇంటికొచ్చాక జీతం లేకుండా చదివాను: చరిత్రలు, అర్థశాస్త్రాలు, రాజ్యాలు ఎలా కూలిపోయాయో చెప్పే లావుపాటి పుస్తకాలు. రాజులు దివాళా తీసిన కథలన్నిటిలోనూ ఒక సంగతి గమనించాను. ఆఖరి అధ్యాయంలో ఎవరో ఒక గుమాస్తాను ఉరి తీస్తారు. రాజుగారికి మాత్రం పాలరాతి సమాధి కడతారు. దాని ఖర్చూ ఖజానాదే.

4. తమ మధ్యంతర నివేదిక తెప్పించుకొని మూడుసార్లు చదివాను. తమ సంఘ సభ్యులతో కలిపి లెక్కించినా, దాన్ని మూడుసార్లు చదివినవాడు రాష్ట్రంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అందులో పదకొండు కారణాలు చూపారు. మొదటిది పాత ప్రభుత్వం. ఆ పాత ప్రభుత్వం వేయించిన నివేదికను దిద్దింది కూడా నేనే. అందులో మొదటి కారణం అంతకు ముందటి ప్రభుత్వం. తేదీ ఒక్కటి మార్చి అదే అచ్చు వాడుకొంటే కూలి అయినా కలిసొచ్చేది. రెండో కారణం వానలు కురవకపోవడం. మూడోది వానలు ఎక్కువ కురవడం. నాలుగోది మేము. పింఛనుదారులు "అంచనాకు మించి జీవించి ఉండడం" అని రాశారు. క్షమించాలి. మా ప్రయత్నం మేం చేస్తూనే ఉన్నాం. పోయిన నెల మా క్యూలో ఒకాయన సఫలుడయ్యాడు. ఐదోది ప్రజల అత్యాశ. మొన్న నేను కాలికి కట్టు కట్టించుకోవడానికి సర్కారు ఆస్పత్రికి వెళితే, దూది ఇంటినుంచి తెచ్చుకోమన్నారు. తెచ్చుకొన్నాను. కత్తెర కూడా తెచ్చుకోవలసిందని ఆ నర్సమ్మ నొచ్చుకొంది. నా అత్యాశ అంతవరకే. ఆరోది ప్రపంచ పరిస్థితులు. ఎనిమిది నుంచి పదకొండు వరకు ఒకే కారణాన్ని నాలుగు రకాలుగా రాశారు కనుక వాటి జోలికి పోను.

ఈ పదింటిలో ఎక్కడా మనిషి లేడు. వాన ఉంది, ప్రపంచం ఉంది, పరిస్థితి ఉంది. ఏడో కారణంలో మాత్రం మనిషి ఉంది. హోదాతో, ఉద్యోగి సంఖ్యతో, తండ్రి పేరుతో సహా. ఆ ఏడో కారణం "ముద్రణాదోషం."

5. ఇది చదివేవారికి సంగతి తెలియడం కోసం విప్పి చెబుతున్నాను. నీటి సరఫరా సంస్థ చేసిన అప్పులకు ప్రభుత్వం పూచీ పడింది. సంస్థ కట్టలేకపోతే ప్రభుత్వం కట్టాలి. ఆ మొత్తం నాలుగు వేల నూట ఇరవై కోట్లు. మూడేళ్ల కిందటి బడ్జెట్టు పుస్తకం నాలుగో అనుబంధంలో, పదిహేడో వరుసలో, అది 412 అని పడింది. సభ దాన్నే ఆమోదించింది. పూచీ ఇంత తక్కువ ఉందిగదా అని ఆ ఏడాదీ పై ఏడాదీ కొత్త అప్పులు తెచ్చారు. మూడో ఏట సంస్థ చేతులెత్తేసింది. అప్పులవాళ్లు ఖజానా గడప ఎక్కారు. బస్సు డిపోల్లో జీతాలు ఆగాయి, మా పింఛన్లు ఆగాయి, దూది అయిపోయింది.

తమ సంఘం తేల్చినదేమంటే: ఆ పుస్తకం ప్రూఫులు దిద్దుతున్న రోజు ఆర్థిక శాఖ ఉప కార్యదర్శి ముద్రణాలయానికి ఫోను చేసి, పదిహేడో వరుసలో సున్న తీసేయమన్నారు. ఆయన ఉద్దేశం "నీటి" అనే మాట "నీంటి" అని పడింది కనుక అందులోని సున్న తీసేయమని. రీడరు దాన్ని అంకె అనుకొని, 4,120 చివరి సున్న తీసేసింది. అక్షరానికీ అంకెకూ ఒకే పేరు పెట్టుకోవడం వల్ల మన భాష కూడా కొంత కారణమేనని అడుగున గమనిక రాశారు. భాషను సస్పెండు చేసే వీలు లేదు కాబట్టి రీడరును చేశారు.

6. ఆ రీడరు మా అక్క కూతురు. ఇరవై రెండేళ్ల సర్వీసు. మొదటి పదేళ్లు నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుని పని నేర్చుకొంది. మా పని ఇద్దరు చేసేది. ఒకరు మూలప్రతిని పైకి చదవాలి. ఎదుటివారు ప్రూఫు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చూసుకోవాలి. వేసవిలో కూడా ఫ్యాను వేయం, కాగితాలు ఎగురుతాయని. రీడింగు రూముకు ఒకటే సూత్రం: అక్షరం చూడు, లెక్క కూడకు. కూడడం ఆర్థిక శాఖ వారి పని. ఆ రోజు ఆమె ఆ సూత్రం మీరింది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి నాతో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమే ముందు ఉప కార్యదర్శిగారికి ఫోను చేసింది. ఆయన్ని మా ముద్రణాలయంలో సర్దుబాటుగారు అంటారు.

"సార్, పదిహేడో వరుసలో నాలుగు వేల నూట ఇరవై ఉంది. కింద మొత్తం చూస్తే పంతొమ్మిది వందల ఆరే. మొత్తంకన్నా ముక్క పెద్దగా ఉంది సార్."

"నిన్నెవరమ్మా కూడమంది?"

"కూడలేదు సార్. కనబడింది."

"కనబడిందా! సరే, ఉండు. కనుక్కొని చెప్తా."

మూడు గంటలకు ఆయన తిరిగి ఫోను చేశారు.

"ఏమ్మా, ఆ పదిహేడో వరుసలో సున్న తీసేయ్. సరిపోతుంది."

"ఏ సున్న సార్?"

"తీసేయదగ్గ సున్నలు ఎన్ని ఉన్నాయమ్మా అక్కడ? ఒకటేగా!"

"కాస్త కాగితం మీద రాసి పంపండి సార్."

"రేపు పొద్దున పదింటికి సభలో పెట్టాలి. ఇప్పుడు రాతకోతలేమిటి తల్లీ? నేను చెబుతున్నాగా. సర్దుకుపోవాలి."

ఆమె లేచి మా సూపరింటెండెంటు గదికి వెళ్లింది. అతను నా దగ్గర పని నేర్చుకొన్నవాడే. ఋ కు, రు కు తేడా నేర్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. వెన్నెముక నేర్పడానికి వ్యవధి చాలలేదు. అతను పుల్లతో పళ్లు కుట్టుకొంటూ, "పైవాళ్లు చెప్పాక మనదేముందమ్మా, కానీ" అన్నాడట. ఇప్పుడు తమ సంఘం ముందు, ఆ రోజు తాను సెలవులో ఉన్నట్టు గుర్తని చెప్పాడు.

ఆమె తీసేసింది. దాచను. తీసింది ఆమె చెయ్యే. ఆమె స్థానంలో నేనున్నా తీసేవాణ్ణి, తిట్టుకొంటూ తీసేవాణ్ణి. ఆ మేరకు ఆమెకు పడవలసిన శిక్ష ఏదైనా పడనివ్వండి. కానీ ఇప్పుడు ఆమెను ఒప్పుకోమంటున్నది చెయ్యి చేసిన పని కాదు. "నేనే పొరపాటు పడ్డాను, నాకెవరూ చెప్పలేదు" అని.

7. తమ నివేదిక ఎనభై ఎనిమిదో పేజీలో ఆనాటి మొదటి ప్రూఫు ఫొటో వేశారు, ఆమె నేరానికి సాక్ష్యంగా. తమరు ఆ పేజీని ఒక్కసారి చూడవలసిందని ప్రార్థన. భూతద్దం లేకపోతే నాది పంపుతాను. "నీంటి"లోని సున్నను ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పక్కన ఆమె పొట్టి సంతకం, వేళ 11.20. అంటే మూడు గంటలకు ఫోను వచ్చేసరికి ఆ మాటలో తీయడానికి సున్నే లేదు. ఆ వరుసలో "సంస్థ"కు ఒకటుంది. అది తీస్తే "సస్థ" అవుతుంది. ఉప కార్యదర్శిగారికి తెలుగు రాదని నేను అనను. ఇక మిగిలింది నాలుగు వేల నూట ఇరవై చివర ఉన్నది.

అదే పేజీ అడుగున మొత్తం చూడండి. 1,906. మిగిలిన వరుసలన్నీ కూడితే 1,494. నేను రిటైరయ్యాను కాబట్టి కూడవచ్చు. దానికి 412 కలిపితే 1,906 వస్తుంది. 4,120 కలిపితే 5,614 కావాలి. మరి ఆ ఉదయం పదకొండూ ఇరవైకి, వరుసలో సున్న ఇంకా ఉండగానే, సున్న లేనట్టుగా మొత్తం కూడిపెట్టినదెవరు? ఆ కాగితం ఆర్థిక శాఖలో టైపై ముద్రణాలయానికి వచ్చింది. దొంగ ముందే ఇంట్లో దూరి కూర్చుని, తలుపు తీయమని తర్వాత ఫోను చేశాడు. తలుపు తీసినదాన్ని తమరు పట్టుకొన్నారు.

ముగ్గురు సభ్యులు, ఇద్దరు సలహాదారులు, ఆ నివేదిక మీద సంపాదకీయాలు రాసిన పత్రికలవాళ్లు, టీవీలో గొంతు చించుకొన్న ఆచార్యులు, ఒక్కరూ ఆ ఫొటోలోకి చూడలేదు. సభలోనివాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఏటి బడ్జెట్టు పుస్తకాలు రెండు వందల నలభై ప్రతులు, కట్టిన దారం కట్టినట్టే, చిత్తుకాగితాల కొట్టుకు వచ్చాయి. పాత పుస్తకాలు ఏరుకోవడానికి నేను అక్కడికి వెళుతుంటాను. కొట్టువాడు విసుక్కొన్నాడు: "ఇవి ఎందుకూ పనికిరావండీ. కాగితం మరీ బిరుసు, పొట్లం కట్టినా నిలవదు."

8. ఇక ముప్పై ఒక్క ఏళ్ల కిందటి వాగ్దానం ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఆ ఏడాది పన్నుల ప్రకటనలో "పెద్ద గోదాములకు మినహాయింపు లేదు" అని ఉండవలసింది "పెద్ద గోదాములకు మినహాయింపు" అని అచ్చయింది. గోదాముల యజమానులు ఏడాది పొడుగునా పన్ను కట్టలేదు. ఖజానాకు పెద్ద చిల్లు పడింది. మాకు వచ్చిన మూలప్రతిలోనే "లేదు" లేదు. గొడవ మొదలైన వారానికి ఆర్థిక శాఖవారు ఆ మూలప్రతిని తెప్పించుకొన్నారు. తిరిగి వచ్చినప్పుడు అందులో "లేదు" ఉంది. మిగతా పేజీ నల్ల సిరా, ఆ ఒక్క మాట నీలి సిరా.

ఆ ప్రకటనకు ప్రూఫు మీద వేలు పెట్టి చూసింది నేను. ఎదుట కూర్చుని పైకి చదివింది మా బావ, అంటే అక్క మొగుడు, ఈ పిల్ల తండ్రి. అంతటి గొంతు మళ్లీ ఆ గదిలో వినలేదు. కామా వస్తే కామా అని, పేరా మారితే "కొత్త పేరా" అని చదివీ చదివీ, ఇంట్లో కూడా అదే వచ్చేది ఆయనకు. "మంచినీళ్లు, ఫుల్‌స్టాప్" అనేవాడు. అక్క గ్లాసు తెచ్చి పెట్టి, "కొత్త పేరా" అనేది.

నేను సిరా తేడా చూపిస్తూ తొమ్మిది పేజీల అర్జీ సిద్ధం చేశాను. ఈలోగా ఆ అధికారి మా గదికి వచ్చి, ఎవరో ఒకరు పొరపాటు ఒప్పుకొంటే ఉద్యోగం పోకుండా చూస్తానని, లేకపోతే ఇద్దరి మీదా చర్య తప్పదని చెప్పి వెళ్లారు. కాగితం టైపు చేయించుకొనే వచ్చారు. సాయంత్రం మళ్లీ వస్తానన్నారు. ఆ మధ్యాహ్నం మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఇవి.

"బావా, దాని మీద సంతకం పెట్టకు. సిరా తేడా గుడ్డివాడికైనా కనబడుతుంది."

"చూసేవాడు గుడ్డివాడు కాదుగా బావమరిదీ, కళ్లు మూసుకొన్నవాడు. ఎందుకొచ్చిన గొడవ, ఒక్క సంతకంతో పోయేదానికి?"

"పోయేది నీ పరువు."

"నా పరువు ఎనిమిది పాయింటు టైపులో ఉంటుంది, ఎవడికి కనబడుతుంది? నీకు ఇద్దరు పసిపిల్లలు. ఇద్దర్నీ కలిపి లాగితే రెండు ఇళ్లు ఆరిపోతాయి."

"నా ఇల్లు నేను చూసుకొంటా. నీకెవరు చెప్పారు నన్ను మోయమని?"

"మీ అక్క చెప్పలేదులే, భయపడకు" అని నవ్వి సంతకం పెట్టాడు. "చదవడంలో ఒక మాట నేనే వదిలివేసితిని" అని ఉంది అందులో. నలభై సంవత్సరాల వయసుకు ఆయన జీవితంలో ఒక్క కామా వదిలిన మనిషి కాదు.

సాయంత్రం ఆ కాగితం చేతికి తీసుకొన్నాక, ఎందుకో ఆ అధికారికి మా మొహాలు చూడడం కష్టమైంది. అప్పుడే బల్లకు చేతులు ఆనించి ఆ వాగ్దానం చేశారు. మర్నాడు బావను బైండింగు విభాగానికి వేశారు. అంత గొంతున్న మనిషి తొమ్మిదేళ్లు దారం, జిగురు, సూది పట్టుకొని, మాట అవసరం లేని గదిలో కూర్చున్నాడు. సర్వీసులో ఉండగానే పోయాడు. గోళ్ల సందుల్లో జిగురు అలాగే ఉంది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

9. ఈ వారం మొదట్లో మేనకోడలు తమరు పంపిన కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. సంతకం పెడితే రెండు ఇంక్రిమెంట్లు కోసి, బైండింగుకు వేస్తారు. పెట్టకపోతే ఉద్యోగం, పింఛను రెండూ పోతాయి. పదిహేనో తేదీ సాయంత్రం ఐదింటి దాకా గడువు. అది పెడితే తమకు కూడా సుఖమే. ఏడో కారణం రుజువైందని, మిగిలిన పదీ పరిస్థితుల ప్రభావమని రాసి దస్త్రం మూయవచ్చు. ఇంత పెద్ద రాష్ట్రం మునిగిపోయిన నేరం, నెలకు ఒకసారి కొత్త పెన్ను రీఫిలు కొనుక్కొనే ఆడమనిషి మీద తేలిగ్గా కూర్చుంటుంది.

"ఒక్క సంతకంతో పోతుంది మావయ్యా" అంది.

నాకు ఒళ్లు మండింది. "మీ నాన్నలా మాట్లాడకు" అన్నాను.

"మరి ఎవరిలా మాట్లాడమంటావు? నీలా మాట్లాడితే కూరగాయలవాడు అరువిస్తాడా? మా ఆయనకు బస్సు డిపోలో నాలుగు నెలలుగా జీతం లేదు. పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి. రెండు ఇంక్రిమెంట్లు పోతే పోయాయి, మిగతాదైనా వస్తుంది."

"రేపు నీ సర్వీసు పుస్తకంలో ఏముంటుందో తెలుసా? రాష్ట్రాన్ని ముంచిందని ఉంటుంది."

"ఎవడు చదువుతాడు మావయ్యా?" అంది. ఎనభై ఎనిమిదో పేజీ సాక్షిగా ఆమె చెప్పింది నిజం.

10. తమరు అడిగిన ప్రశ్నకు జవాబుగా మనవి చేసుకొనేది ఏమంటే: ఖజానా తిన్నవాళ్లు ఉన్నారు. తినే వీలు కల్పించి, మూతి తుడిచినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు తమకు నాకంటే బాగా తెలుసు, కొందరితో తమరు భోజనం చేసి ఉంటారు కూడా. కానీ ముప్పై ఒక్క ఏళ్లుగా వాళ్లను ఎవరూ ఎందుకు వెతకలేదు? ప్రతిసారీ వెతకడం మొదలుపెట్టేలోపే, పొరపాటు నాదే అంటూ ఒక మెత్తటి మనిషి దొరికాడు కనుక. మా బావ తర్వాత మా ముద్రణాలయంలోనే ఐదుగురు అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టారు. పెట్టనని ఎవరైనా అంటే, "ఆయనంతటి మనిషే పెట్టాడు, నువ్వెంత?" అని అడిగేవాళ్లు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు. మొత్తించుకొనేవాడు ఎదురు రాకపోతే ఆ చేతులు ఎక్కడికి పోయేవో ఒకసారి ఆలోచించండి. బహుశా జేబుల్లోనే ఉండిపోయేవి, అదీ వాళ్ల సొంత జేబుల్లో. అందువల్ల, రాష్ట్రాన్ని ముంచినవారి పట్టికలో మొట్టమొదటి పేరుగా మా బావ పేరు రాసుకోవలసిందని కోరుతున్నాను.

11. కాబట్టి తమరు (అ) ఎనభై ఎనిమిదో పేజీ చూడాలి. (ఆ) ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ముద్రణాలయానికి వచ్చిన ఫోను ఎవరు చేయించారో సర్దుబాటుగారినే నిలబెట్టి అడగాలి, ఆయన కూడా ఎవరిదో మాట మోసినవాడే అయి ఉంటాడు. (ఇ) మా మేనకోడలికి పంపిన కాగితం వెనక్కు తీసుకోవాలి. మొదటి రెండూ తమవల్ల కాకపోతే మూడోది ఒక్కటైనా చేయండి.

ఇది తమ చిత్తానికి ఎక్కుతుందో ఎక్కదో తెలియదు. ఎక్కించుకొనే భారం తమది.

ఇంతకాలం విధేయుడిగా ఉన్నందుకు సిగ్గుపడుతూ,
తమ విధేయుడు,
రిటైర్డు హెడ్ రీడరు, ప్రభుత్వ ముద్రణాలయం.

అదనపు మనవి: పదమూడో తేదీ పొద్దున ఇంతవరకు రాసి, కవరుకు జిగురు రాస్తుండగా మేనకోడలు వచ్చింది.

"ఏం రాశావు మావయ్యా? ఇలా ఇవ్వు."

"నీకెందుకు? ఇది నాకూ సర్కారుకూ మధ్య సంగతి."

"దిద్దించకుండా పంపుతావా? పేరు పోదూ?"

భోజనాల బల్లకు అటు ఆమె, ఇటు నేను కూర్చున్నాం. ఆమె చిత్తుప్రతి పైకి చదివింది; నేను సాఫుప్రతి మీద వేలు పెట్టి చూశాను. రెండు చోట్ల నా తప్పులు పట్టుకొంది, సంతోషించాను. ఎనిమిదో అంశం దగ్గర గొంతు తగ్గింది. పదో అంశం చివర ఆగిపోయింది. సాఫుప్రతి నా చేతిలోంచి లాక్కొని, తన తండ్రి గురించిన ఆఖరి వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసింది.

"నాన్న జోలికి ఎందుకు వెళ్లావు?"

"ఆయన ఆనాడు సంతకం పెట్టకపోతే, ఈనాడు నీకు ఆ కాగితం వచ్చేది కాదు."

"ఆయన పెట్టకపోతే నువ్వు హెడ్డువి అయ్యేవాడివీ కాదు, నీ పిల్లలు చదివేవాళ్లూ కాదు."

నేను కవరు పక్కన తెరిచి ఉన్న జిగురు సీసాకు మూత పెట్టాను.

తర్వాత ఆమె చేతిసంచిలోంచి తమ కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇది కూడా చూద్దాం పట్టు" అంది. నేను వేలు పెట్టాను. ఆమె వాళ్ల నాన్నలా చదివింది.

"నా నిర్లక్షం వలన, కామా... నిర్లక్ష్యానికి య వత్తు లేదు మావయ్యా." దిద్దింది. "సంభవించిన పొరపాటుకు పశ్చాతాపం... పశ్చాత్తాపంలో త వత్తు ఎగరగొట్టారు." దిద్దింది. "చెందుతూ, ఇందుకు నేనొక్కదాన్నే భాధ్యురాలినని... బాకు ఒత్తు." దిద్దింది. "ఫుల్‌స్టాప్. కింద సంతకం. దాని కింద బ్రాకెట్లో..."

అక్కడ టైపు చేసి ఉన్నది ఆమె పేరు. ఆమె పెన్ను అక్కడే నిలిచింది. చాలాసేపు నిలిచింది. వీధిలో పాలవాడి బండి వచ్చి, గంట కొట్టి, వెళ్లిపోయింది కూడా.

"ఈ పేరు మూలప్రతిలో లేదు మావయ్యా" అంది. "ఎవరో చేర్చారు." ఆ పేరు మీద అడ్డంగా గీత గీసి, మార్జిన్లో తొలగింపు గుర్తు వేసి, పక్కన పొట్టి సంతకం, వేళ వేసింది.

"ఉద్యోగం పోతుందే" అన్నాను. ఇంత అర్జీ రాసినవాణ్ణి, తీరా ఆ క్షణానికి నాకు వచ్చిన మాట అదే.

"తెలుసు. నోరు మూసుకొని కవరు అంటించు."

దిద్దిన ఆ కాగితాన్ని ఈ అర్జీతో జతపరుస్తున్నాను. అచ్చుతప్పులు లేకుండా మళ్లీ టైపు చేయించుకోవలసిందని, కింద ఎవరి పేరు ఉండాలో ఆ పేరుతో చేయించుకోవలసిందని ఆమె తరఫున మనవి.

వెళుతూ చెప్పులు తొడుక్కొంటూ ఆమె మళ్లీ ఒకసారి చెప్పింది: "నాన్న వాక్యం కొట్టేశాను, అలాగే పంపు. నా మీద ఒట్టు." సరేనన్నాను. ఆమె వీధి మలుపు తిరిగాక, కొట్టేసిన ఆ వాక్యం కింద వరసగా చుక్కలు పెట్టాను. మా పనిలో అలా చుక్కలు పెడితే ఆ కొట్టివేత చెల్లదని, మాట ఎలా ఉన్నది అలాగే అచ్చు కావాలని అర్థం. కాబట్టి పదో అంశంలో తమకు కనబడే గీతను తమరు లెక్కచేయవద్దు. ఆ పిల్ల తన కంటితో తన తండ్రిని చూస్తుంది. నా కంటికి ఆయన ఇంకా ఆ బల్ల దగ్గరే, నవ్వుతూ, పెన్ను మూత తీస్తూ కనబడతాడు. తిన్నవాళ్లను నేను ఏనాడో మరచిపోయాను. వాగ్దానం తప్పిన ఆ అధికారి మొహం కూడా ఇప్పుడు గుర్తు లేదు. నేను అడక్కుండానే నా పిల్లల కోసం తన పేరు రాసి ఇచ్చేసి, తిరిగి ఇవ్వడానికి వీల్లేని అప్పు నా నెత్తిన పెట్టి వెళ్లినవాణ్ణి మాత్రం ఈనాటికీ క్షమించలేదు. మా బావను.